రెండు అడ్డగీతల బ్యాలెట్: చిలీలో సైన్యం గద్దె దిగిన తీరు

మీరు అడిగింది ఇది: "చిలీలో పినోచెట్ అన్నేళ్లు తుపాకీతో ఏలాడు కదా, అలాంటివాడు తనే ఓటింగ్ పెట్టి, ఓడిపోయి, ఎలా దిగిపోయాడు? రిగ్గింగ్ చేసుకోలేకపోయాడా? సైన్యం మళ్లీ ఎందుకు రాలేదు? వేరే దేశాలకు ఇది పనికొస్తుందా?"

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పాను. సైనిక పాలనల పాఠం వచ్చినప్పుడల్లా చిలీ దగ్గర ఆగిపోయేదాన్ని. సిలబస్ ప్రకారం దానికి ఒక్క పీరియడ్, నాకు మూడు పట్టేవి. ముందుగా బోర్డు మీద 1988 నాటి బ్యాలెట్ కాగితం గీసేదాన్ని. పైన ఒకే ఒక్క పేరు, అగుస్తో పినోచెట్ ఉగార్తే. కింద ఒకపక్క "సీ", అంటే అవును. ఇంకోపక్క "నో", అంటే వద్దు. ఒక్కోదానికి ఒక చిన్న అడ్డగీత. ఓటరు పెన్సిల్ తీసుకుని, తనకు కావలసిన అడ్డగీత మీదుగా ఒక నిలువుగీత గీయాలి. అంతే ఓటు.

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు: "పెన్సిలా మేడమ్? రబ్బరు పెట్టి చెరిపేస్తే?" మీ ప్రశ్న కూడా అదే. రబ్బరు పినోచెట్ చేతిలోనే ఉంది. ఎందుకు వాడలేకపోయాడన్నదే అసలు కథ.

1973 సెప్టెంబర్ 11న చిలీ సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు సాల్వడార్ అయెందే ప్రభుత్వాన్ని కూల్చింది. అధ్యక్ష భవనం లా మొనేదా మీద సొంత వాయుసేన విమానాలే బాంబులు వేశాయి. అయెందే ఆ రోజే లోపల చనిపోయాడు. అధికారం నలుగురు అధిపతుల చేతికి వచ్చింది. సైన్యం, నౌకాదళం, వాయుసేన, కారబినేరోస్ అనే జాతీయ పోలీసు దళం, ఒక్కోదానికి ఒకరు. దీన్నే జుంటా అంటారు. పినోచెట్ అందులో ఒకడు మాత్రమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివరికి ఇదే అక్కరకొస్తుంది. మనం సైనిక పాలన అనగానే ఒకే మనిషిని ఊహించుకుంటాం. అక్కడ మాత్రం పైకి ఒకడు కనిపించినా, చట్టం చేయాలంటే నలుగురూ సంతకం పెట్టాల్సిందే. పినోచెట్ మిగతా ముగ్గురినీ తొక్కేయాలని చాలా చూశాడు. వాయుసేన అధిపతి గుస్తావో లీ ఎదురు తిరిగితే 1978 జులైలో పదవి నుంచి తప్పించారు. అతనితోపాటు వాయుసేన జనరల్స్ చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలోంచి ఫెర్నాందో మత్తేయి వాయుసేన అధిపతి అయ్యాడు. ఇతని పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

నలుగురి మధ్య ఈ పేచీలు తెగాలంటే రాసుకున్న రూల్స్ కావాలి. బయటి ప్రపంచానికి చూపించుకోవడానికి రాజ్యాంగం కావాలి. అలా వచ్చింది 1980 రాజ్యాంగం. దాన్ని ఆమోదించిన ఓటింగ్ ఎలా జరిగిందో తెలుసా? అసలు ఓటర్ల జాబితాయే లేదు. పాత జాబితాలను 1973 సైనిక కుట్ర తర్వాత వాళ్లే నాశనం చేశారు. ఎదుటిపక్షానికి ప్రచారం లేదు, బూత్‌లో ఏజెంట్లు లేరు. రబ్బరు దండిగా వాడిన ఓటింగ్ అది. అయితే ఆ రాజ్యాంగంలోనే ఒక నిబంధన ఉంది. 1981 మార్చి నుంచి ఎనిమిదేళ్లు పినోచెట్ అధ్యక్షుడు. ఆ గడువు ముగిసేలోగా నలుగురు అధిపతులూ కలిసి ఒక పేరు ప్రతిపాదించాలి, దానికి జనం అవునో కాదో చెప్పాలి. కాదంటే మరో ఏడాదికి పోటీ ఎన్నికలు. 1980లో అది రాసుకున్నప్పుడు జనం కాదంటారని పినోచెట్ అనుకోలేదు. ఆర్థిక వ్యవస్థ అప్పుడు పరుగులో ఉంది.

1982లో అది కుప్పకూలింది. ఒక్క ఏడాదిలో జాతీయోత్పత్తి దాదాపు 14 శాతం పడిపోయింది. బ్యాంకులు మునిగాయి, ఊళ్లకు ఊళ్లు పనిలేక కూర్చున్నాయి. 1983 మే 11న రాగి గని కార్మికుల సంఘం పిలుపిస్తే రాజధాని శాంటియాగోలో జనం రాత్రివేళ ఇళ్లల్లోనే ఉండి గిన్నెలు, మూకుళ్లు వాయించారు. వీధిలోకి వస్తే కాలుస్తారు, వంటింట్లో గిన్నె మోగిస్తే ఏ ఇంట్లోంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? పదేళ్లుగా పక్కింటివాడి మనసులో ఏముందో తెలియని జనానికి ఆ చప్పుడుతో తెలిసింది. నెలనెలా నిరసనలు, నెలనెలా శవాలు. అయినా పినోచెట్ కదల్లేదు. 1986 సెప్టెంబర్‌లో ఒక సాయుధ దళం అతని కాన్వాయ్ మీద దాడి చేసింది. అంగరక్షకులు ఐదుగురు చనిపోయారు, అతను బతికాడు. ఆ వెంటనే అత్యవసర స్థితి, అరెస్టులు, హత్యలు. వీధి పోరాటంతో దిగడు, తుపాకీతో దిగడు అన్నది చాలామందికి అప్పుడు అర్థమైంది.

ఇక మిగిలింది అతను రాసుకున్న రాజ్యాంగమే. ఇక్కడ ప్రతిపక్షంలో పెద్ద గొడవ. "ఆ దొంగ రాజ్యాంగాన్ని ఒప్పుకుని ఓటుకు వెళ్తే వాడికి మనమే ముద్ర వేసినట్టు" అని ఒక వర్గం. "పద్దెనిమిది నెలలో, రెండేళ్లో, వాడి గడువు వాడే పెట్టుకున్నాడు, వాడి రూల్స్‌తోనే పట్టుకుందాం" అని ఇంకో వర్గం. మొదటి వర్గం నోట వచ్చింది అక్షరాలా న్యాయమైన మాట. అయినా రెండో వర్గమే సరైన దారి పట్టిందని నా అభిప్రాయం. క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు పాట్రిసియో ఐల్విన్ అప్పటికే చెప్పిన పద్ధతి ఇదే: రాజ్యాంగం న్యాయమైనదా కాదా అన్న వాదన పక్కన పెట్టి, అది అమల్లో ఉందన్న వాస్తవం నుంచి మొదలుపెడదాం.

ఈలోపు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంఘటన జరిగింది. నా దృష్టిలో చిలీ తలరాత మార్చింది అదే. 1985లో రాజ్యాంగ ట్రిబ్యునల్ ముందుకు ఎన్నికల న్యాయస్థానం చట్టం వచ్చింది. ఆ న్యాయస్థానం మామూలు ఎన్నికల నుంచే పనిచేస్తుందని, 1988 ఓటింగ్‌కు అవసరం లేదని ప్రభుత్వం రాసుకుంది. కుదరదు, ఆ ఓటింగ్‌కు కూడా జాబితా, ఏజెంట్లు, లెక్కింపు, న్యాయస్థానం అన్నీ ఉండాల్సిందే అని ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ఒక్క ఓటు తేడాతో, నలుగురు ఇటు, ముగ్గురు అటు. ఆ జడ్జీలు ఈ పాలన కింద నియమితులైనవాళ్లే. రబ్బరు మీద మొదటి చెయ్యి పడింది అక్కడే.

1987 ఫిబ్రవరిలో ఓటర్ల నమోదు మొదలైంది. జనం రాలేదు. పేరు రాయించుకుంటే ఎక్కడో ఫైల్లో పడుతుందేమో అని భయం. బూత్‌లో కెమెరా పెడతారని, పెన్సిల్ గీతను బట్టి ఎవరిదో కనిపెడతారని భయం. ప్రతిపక్షం కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. ప్రచారం కన్నా ముందు వాళ్లు చెప్పిన పాఠం ఓటు రహస్యంగానే ఉంటుందని. చివరికి 74 లక్షల మంది పేర్లు నమోదయ్యాయి, ఓటు హక్కున్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బూత్‌లో ఏజెంటును పెట్టాలంటే గుర్తింపు పొందిన పార్టీ ఉండాలి. సోషలిస్టులకు ఆ రాజ్యాంగంలోని 8వ అధికరణం అడ్డం, అది మార్క్సిస్టు భావాల పార్టీలను నిషేధించేది. అందుకని రికార్దో లాగోస్, అతని సహచరులు 'ప్రజాస్వామ్యం కోసం పార్టీ' అని ఒక కొత్త పార్టీ పుట్టించారు. అది పుట్టిందే ఏజెంట్ల కోసం, టీవీ సమయం కోసం. మొత్తం 16 పార్టీలు, ఒకప్పుడు ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, 'వద్దు' అనే ఒక్క మాట కింద చేరాయి. అయెందే పతనాన్ని సమర్థించిన క్రిస్టియన్ డెమోక్రాట్లూ అయెందే మనుషులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. కమ్యూనిస్టులు ఈ కూటమిలో చేరలేదు, చివరి నెలల్లో మాత్రం 'వద్దు'కే ఓటేయమన్నారు.

1988 ఏప్రిల్ 25 రాత్రి ఒక టీవీ చర్చ. లాగోస్ మాట్లాడుతూ మాట్లాడుతూ కెమెరా వైపు తిరిగి, వేలు చూపించి, పినోచెట్‌నే పేరు పెట్టి పిలిచి అడిగాడు: ఇంకో ఎనిమిదేళ్లు చిత్రహింసలు, హత్యలు, హక్కుల ఉల్లంఘన మాకు వాగ్దానం చేస్తున్నావా అని. యాంకర్ ఆపబోయింది, అతను ఆగలేదు. పదిహేనేళ్లలో ఆ పని టీవీలో చేసినవాడు లేడు. చూస్తున్నవాళ్లు పొద్దున్నే అతన్ని ఎత్తుకుపోతారనుకున్నారు. ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే పెద్ద వార్త అయింది.

సెప్టెంబర్ 5 నుంచి రెండు పక్షాలకూ రోజుకు పదిహేనేసి నిమిషాలు టీవీ సమయం ఇచ్చారు, 27 రోజులు. రాత్రి పొద్దుపోయాక వచ్చేది. జనం నిద్రపోతారని లెక్క వేసుకున్నారు. దేశం మేలుకుని చూసింది. 'వద్దు' వాళ్లు కోపంగా వస్తారని అందరూ అనుకుంటే ఇంద్రధనుస్సు గుర్తుతో, "సంతోషం వచ్చేస్తోంది" అనే పల్లవితో వచ్చారు. కొందరు బాధితులకు ఇది మింగుడుపడలేదు. మా శవాల మీద పాటలేంటి అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కార్యక్రమం శవాలను మరిచిపోలేదు.

క్లాసులో నేను రెండు దృశ్యాలు వివరించేదాన్ని. ఒకటి, క్వెకా. అది చిలీ జాతీయ నృత్యం, ఆడా మగా జంటగా రుమాలు ఊపుతూ చేస్తారు. తెరమీద ఒక ఆడమనిషి ఒంటరిగా ఆడుతుంది. ఎదుట ఉండాల్సిన మగవాడి చోటు ఖాళీ. మాయమైపోయినవాళ్ల భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు చేసే నృత్యం అది. ఫొటో గుండెకు పిన్నుతో గుచ్చుకుని ఉంటుంది. రెండోది, ఒక పెద్దావిడ నెమ్మదిగా కూర్చుని, తనను ఇంట్లోంచి ఎత్తుకెళ్లి హింసించారని, ఆ గాయాలు ఇంకా లోపల ఉన్నాయని, అందుకే 'వద్దు' అని ఓటేస్తానని చెబుతుంది. కెమెరా పక్కకు జరుగుతుంది. అక్కడ కార్లోస్ కసెలీ. దేశమంతా తలకెత్తుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు. నేను కూడా 'వద్దు' అంటాను, ఎందుకంటే ఈమె మా అమ్మ, అంటాడు. చెప్పడం పూర్తయ్యాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇక అక్టోబర్ 5. పొద్దున్నుంచి బారులు. నమోదైనవాళ్లలో 97 శాతం మంది ఓటేశారు. రాత్రి ఏడున్నరకు హోంశాఖ ఉపమంత్రి అల్బెర్తో కార్దెమిల్ మొదటి బులెటిన్ చదివాడు. దాదాపు 22 వేల పోలింగ్ బల్లల్లో వంద కూడా లేవు, వాటిలో 'అవును' ముందంజ. తర్వాత బులెటిన్లు ఆలస్యమయ్యాయి, ఇక ఆగిపోయాయి. ఇక్కడే రబ్బరు బయటికి తీయాలి. కానీ 'వద్దు' కూటమికి ప్రతి బల్ల దగ్గరా మనిషి ఉన్నాడు. ప్రతి బల్ల లెక్కా కాగితం మీద ఎక్కించుకుని, సొంత కంప్యూటర్ కేంద్రాలకు పంపిస్తున్నారు. ప్రభుత్వం లెక్క చెప్పకపోతే వీళ్లు చెబుతున్నారు, రేడియోలు వినిపిస్తున్నాయి. విదేశీ పరిశీలకులు దేశమంతా ఉన్నారు. మోసం జరిగితే సహించేది లేదని అమెరికా రాయబారి హ్యారీ బార్న్స్ ముందే కబురు పంపాడు. పదిహేనేళ్ల క్రితం ఈ కుట్రకు రంగం సిద్ధం చేసిన దేశమే అది, మరవకూడదు.

అర్ధరాత్రి దగ్గరపడుతుండగా టీవీలో ఐల్విన్ పక్కన కుడిపక్ష నాయకుడు సెర్హియో ఒనోఫ్రే హార్పా కూర్చున్నాడు. పినోచెట్ దగ్గర హోంమంత్రిగా పనిచేసినవాడు. 'వద్దు' గెలుస్తున్నట్టుందని అతనే ఒప్పుకున్నాడు. ఒంటిగంట ప్రాంతంలో జుంటా సభ్యులను లా మొనేదాకు పిలిపించారు. కారు దిగి లోపలికి పోతూ వాయుసేన అధిపతి మత్తేయి విలేకరుల మైకుల ముందు ఆగాడు. "నో గెలిచిందని నాకు బాగానే స్పష్టంగా ఉంది" అన్నాడు. ఒక్క వాక్యం. లోపల ఏదైనా చేద్దామనుకున్నా ఇక కుదరదు, దేశం వినేసింది. మత్తేయి తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం లోపల పినోచెట్ తనకు ప్రత్యేకాధికారాలు ఇచ్చే కాగితం మీద సంతకాలు అడిగాడు. మిగతావాళ్లు పెట్టలేదు. నలుగురి సంతకం కావాలని మొదట్లో చెప్పాను కదా, అది ఇక్కడ పనిచేసింది. అసలు అభ్యర్థిగా పినోచెట్ కాకుండా ఎవరైనా పౌరుణ్ణి పెడితే బాగుండునని ఆ మిగతావాళ్లకు ముందునుంచీ ఉంది. అతని ఓటమిని తమ ఓటమిగా వాళ్లు తీసుకోలేదు.

'వద్దు'కు దాదాపు 55 శాతం, 'అవును'కు 43. ఈ 43ను మాత్రం పిల్లలతో నోట్స్‌లో రాయించేదాన్ని. అన్ని హత్యల తర్వాత కూడా నూటికి నలభై మూడుమంది అతన్నే కోరుకున్నారు. దిగిన తర్వాత అతని బలం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు జవాబు అదే.

మీ ప్రశ్నలో నేను ఒప్పుకోనిది "దిగిపోయాడు" అన్న మాట. ఓడిన తర్వాత కూడా రాజ్యాంగం ప్రకారం అతనికి 17 నెలలు మిగిలాయి. ఆ 17 నెలలూ వెళ్లిపోయే తలుపుకు లోపలి నుంచి గొళ్లాలు బిగించుకున్నాడు. 1989 జులైలో బేరసారాల తర్వాత రాజ్యాంగానికి 54 సవరణలు జరిగాయి. ఎన్నికయ్యే సెనేటర్లను 26 నుంచి 38కి పెంచారు, 8వ అధికరణం పోయింది. మిగిలినవి మిగిలాయి: ఎవరూ ఓటేయని తొమ్మిదిమంది నామినేటెడ్ సెనేటర్లు, సైన్యాధిపతిని తీసేయలేని అధ్యక్షుడు, సైన్యం చేసిన నేరాలకు శిక్ష లేకుండా చేసిన 1978 నాటి క్షమాభిక్ష చట్టం, ప్రభుత్వ రాగి కంపెనీ ఎగుమతుల రాబడిలో పది శాతం నేరుగా ఆయుధాలకు. ఇక ఎన్నికల పద్ధతి. ప్రతి నియోజకవర్గానికి రెండు సీట్లు. రెండూ కావాలంటే ఒక కూటమికి రెండో కూటమి కన్నా రెట్టింపు ఓట్లు రావాలి. 1989 డిసెంబర్‌లో శాంటియాగో పశ్చిమ సెనేట్ స్థానంలో ఏం జరిగిందో చూడండి. టీవీలో వేలు చూపించిన లాగోస్‌కు 30 శాతం పైన ఓట్లు. పినోచెట్ రాజ్యాంగం రాసిన మేధావి హైమే గుస్మాన్‌కు 17 శాతం. గెలిచింది గుస్మాన్. లాగోస్ కూటమి మొత్తం ఓట్లు రెట్టింపుకు కొద్దిలో తగ్గాయి. దేశం మొత్తం మీద ఐల్విన్ కూటమికి 22 మంది సెనేటర్లు, కుడిపక్షానికి 16. దానికి నామినేటెడ్ తొమ్మిది కలిపితే 25. ఓడినవాళ్లకు మెజారిటీ.

ఆ ఎన్నికల్లోనే అధ్యక్ష పదవికి గెలిచిన ఐల్విన్ 1990 మార్చి 11న వాల్పరైసోలో అధ్యక్షుడయ్యాడు. పినోచెట్ సైన్యాధిపతిగానే ఉన్నాడు, 1998 మార్చి దాకా. నిన్నటి నియంత ఇవాళ నీ కింది ఉద్యోగి, అతన్ని తీసేసే అధికారం నీకు లేదు. ఈ స్థితిలో ఐల్విన్ వెంటనే సత్యశోధన సంఘం వేశాడు. 2,279 మంది చావులు, అదృశ్యాలు పేర్లతో సహా తేల్చిన ఆ నివేదికను 1991 మార్చి 4న టీవీలో ప్రకటిస్తూ, ప్రభుత్వం తరఫున కుటుంబాలను క్షమించమని అడిగాడు. గొంతు పూడుకుపోయింది. శిక్షల విషయంలో మాత్రం "సాధ్యమైన మేరకు న్యాయం" అన్నాడు. ఈ మాటకు ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. బాధితుల కుటుంబాలు తిట్టడంలో న్యాయముంది. కానీ 1990 డిసెంబర్‌లో దేశమంతా సైనికులను బ్యారక్‌లకు పిలిపించి బెదిరించారు. 1993 మేలో లా మొనేదాకు ఎదురుగానే, నల్ల టోపీల కమాండోలు యుద్ధ సామగ్రితో నిలబడ్డారు. పినోచెట్ కొడుక్కి సైన్యం నుంచి ముట్టిన చెక్కుల మీద విచారణ జరగడం కారణాల్లో ఒకటి. అలాంటి రోజుల్లో ఐల్విన్ అంతకన్నా ఎక్కువ చేయగలిగేవాడని నేను నమ్మను.

గొళ్లాలు ఒక్కొక్కటిగా ఊడాయి. 1998 అక్టోబర్ 16న, స్పెయిన్ జడ్జి బల్తసార్ గార్సోన్ వారెంట్ మీద లండన్‌లో పినోచెట్‌ను అరెస్టు చేశారు. ఏడాదిన్నర తర్వాత ఆరోగ్యం పేరు చెప్పుకుని తిరిగొచ్చినా, అతన్ని ఎవరూ ముట్టుకోలేరన్న నమ్మకం విరిగిపోయింది. చిలీ కోర్టుల్లో ఒక వాదన నిలబడింది, నాకు ఎంతో ఇష్టమైన వాదన. క్షమాభిక్ష 1978 మార్చి వరకు జరిగిన నేరాలకే. మనిషిని ఎత్తుకెళ్లారు, శవం దొరకలేదు. అంటే చట్టం దృష్టిలో ఆ అపహరణ ఇంకా సాగుతూనే ఉంది. సాగుతున్న నేరానికి 1978 నాటి క్షమాభిక్ష ఎలా వర్తిస్తుంది? శవాలు దొరక్కుండా దాచినవాళ్లకు ఆ దాచడమే ఉచ్చు అయింది. పినోచెట్ 2006లో ఏ శిక్షా పడకుండానే చనిపోయాడు. కింది అధికారులు వందలమంది మాత్రం బోనెక్కారు.

2002లో రక్షణ మంత్రిగా మిషెల్ బాచెలెట్ వచ్చింది. కుట్రను వ్యతిరేకించిన ఆమె తండ్రి, వాయుసేన జనరల్, చిత్రహింసల తర్వాత 1974లో జైల్లో చనిపోయాడు. ఆమెను, తల్లిని విల్లా గ్రిమాల్ది అనే రహస్య నిర్బంధ కేంద్రంలో పెట్టారు. ఆ మనిషి ముందు జనరల్స్ సెల్యూట్ కొట్టారు. 2005లో అధ్యక్షుడిగా ఉన్న లాగోస్ నామినేటెడ్ సెనేటర్లను రద్దు చేసి, సైన్యాధిపతులను తీసేసే అధికారం అధ్యక్షుడికి తెచ్చాడు. కుడిపక్షం ఎందుకు ఒప్పుకుందంటే, వరసగా మూడుసార్లు ప్రభుత్వం ఎదుటివాళ్లదే కావడంతో ఆ నామినేటెడ్ సీట్లు వాళ్లవైపు జారిపోతున్నాయి. రెండు సీట్ల పద్ధతిని 2015లో మార్చారు. రాగి చట్టం 2019లో పోయింది. రాజ్యాంగం మాత్రం, ఎన్ని సవరణలు జరిగినా, 1980 నాటిదే. 2019లో జనం వీధుల్లోకి వచ్చి కొత్తది కావాలన్నారు. 2022లో ఒక ముసాయిదా, 2023లో ఇంకొకటి, రెండింటినీ ఓటర్లే తోసిపుచ్చారు.

ఇక వేరే దేశాలకు పనికొస్తుందా అంటే, అన్నిచోట్లా పనికిరాదు. బర్మాలో కూడా సైన్యం రాజ్యాంగం రాసింది, నాలుగోవంతు సీట్లు ఉంచుకుంది, ప్రతిపక్షం ఎన్నికలకు వెళ్లి గెలిచింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం మొత్తం లాక్కుంది. అక్కడ సవరణకు 75 శాతం దాటాలి, సైన్యం చేతిలో 25 ఉంది, గొళ్లెం ఎప్పటికీ ఊడదు. మత్తేయిలా గుమ్మంలో ఆగి నిజం చెప్పే జనరల్ కూడా లేకపోయాడు. మీరు ఏ దేశాన్ని మనసులో పెట్టుకుని అడిగారో నాకు తెలియదు. ఆ దేశంలో ముందు మూడు సంగతులు చూడండి: తుపాకులు ఒకరి చేతిలో ఉన్నాయా, నలుగురి చేతిలోనా? ఓట్ల లెక్క రెండోవాడు కూడా కట్టగలడా? బిగించిన గొళ్లాలకు గడువు ఉందా?

2023 ఆగస్టులో చిలీ ప్రభుత్వం మాయమైనవాళ్లను వెతకడానికి మొదటిసారి తనే ఒక జాతీయ పథకం మొదలుపెట్టింది. అప్పటిదాకా యాభై ఏళ్లు వెతికింది కుటుంబాలే, ఎక్కువగా ఆడవాళ్లు. ఉత్తరాన ఎడారిలో చేతిపారలతో మట్టి తవ్వుకుంటూ తిరిగారు. అప్పటికి ఇంకా 1,162 మంది ఆచూకీ తెలియాల్సి ఉంది. ఒంటరిగా క్వెకా ఆడిన ఆ ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల కూతుళ్లు, మనవరాళ్లు ఆడుతున్నారు, అవే ఫొటోలు గుండెకు గుచ్చుకుని.